అన్నదమ్ములు ఇద్దరు, దేశాలు రెండు: మేయో ప్రభువు వంశగాథ

మద్రాసు ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం పేరు వినని తెలుగు పండితుడు అరుదు. ఎప్పుడో అచ్చయి ఎక్కడా దొరకని పుస్తకం కోసం వెదికేవారు చివరకు ఆ మెట్లు ఎక్కవలసిందే. రాజస్థానంలోని అజ్మీరులో మేయో కళాశాల ఉంది. ఒకనాడు రాజకుమారులకు మాత్రమే ప్రవేశం ఉన్న ఆ విద్యాలయం నేటికీ దేశంలోని పేరుమోసిన పాఠశాలలలో ఒకటి. సరిహద్దు దాటి లాహోరు వెళితే అక్కడ మేయో ఆసుపత్రి కనబడుతుంది. ఈ పేర్లను రోజూ పలికేవారికి కూడా ఆ మేయో, ఈ కన్నెమరా ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములన్న సంగతి సాధారణంగా తెలియదు.

అన్న రిచర్డ్ బర్క్. ఆరవ మేయో ప్రభువుగా హిందూదేశానికి రాజప్రతినిధి అయి, మూడేళ్ళకు అండమానులో ఒక ఖైదీ కత్తికి బలి అయ్యాడు. తమ్ముడు రాబర్ట్ బర్క్. కన్నెమరా ప్రభువుగా మద్రాసు రాష్ట్రాన్ని నాలుగేళ్ళు పాలించి, కుటుంబ కలహం న్యాయస్థానానికి ఎక్కగా పదవి వదలి వెళ్ళిపోయాడు. మేయో, కన్నెమరా రెండూ ఐర్లండు పశ్చిమ తీరాన పక్కపక్కన ఉన్న ప్రాంతాల పేర్లు. అట్లాంటిక్ సముద్రపు హోరు వినిపించే ఆ రాతినేలల పేర్లు అజ్మీరు ఎడారి అంచుకు, కూవం నది ఒడ్డుకు వచ్చి స్థిరపడడం చరిత్ర చేసిన చిత్రాలలో ఒకటి.

బర్క్ వంశీయులు మూలతః నార్మన్ జాతివారు. పన్నెండవ శతాబ్ది చివర ఐర్లండును జయించడానికి వచ్చిన యోధుల సంతతి. వచ్చినవారు వచ్చినట్లే ఉండిపోలేదు. స్థానికుల భాష నేర్చి, వారితో వియ్యమంది, కొన్ని తరాలకు ఐరిష్ వారికంటే ఎక్కువ ఐరిష్ వారయ్యారని చరిత్రకారులు చమత్కరిస్తారు. అయితే పదిహేడవ శతాబ్దం తరువాత భూమి, అధికారం, పార్లమెంటు మూడూ ప్రొటెస్టెంటు మతస్థులైన జమీందారుల చేతికి వచ్చాయి. జనంలో అత్యధికులు కాథలిక్కులు, కౌలుదారులు. మేయో వంశం ఆ పైవర్గానికి చెందింది. 1785లో వంశానికి ఎర్ల్ బిరుదం లభించింది. మూడవ ప్రభువు ట్యూమ్ నగరానికి ఆర్చిబిషప్పు. ఆయన కుమారులలో ఒకడు వాటర్‌ఫర్డ్ బిషప్పు. ఆ బిషప్పుగారి మనుమడే రిచర్డ్ బర్క్. ఒకవైపు భక్తి, మరొకవైపు గుర్రపుస్వారీ, వేటకుక్కలు. ఈ రెండింటి నడుమ పెరిగిన పెద్ద కుటుంబానికి అతడు జ్యేష్ఠపుత్రుడు.

1822 ఫిబ్రవరి 21న డబ్లినులో జన్మించిన రిచర్డ్ ఇంటివద్దనే చదువుకొని, ఆపైన డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో పట్టం పుచ్చుకున్నాడు. 1845లో రష్యా యాత్ర చేసివచ్చి, మరుసటి సంవత్సరమే ఆ విశేషాలను గ్రంథంగా ప్రకటించాడు. యాత్రల ముచ్చట అంతటితో సరి. అతడు తిరిగివచ్చేసరికి స్వదేశంలో మహాక్షామం మొదలయింది.

ఐర్లండు పేదలకు బంగాళాదుంప అన్నం వంటిది. 1845 నుంచి వరుసగా దుంపపంటకు తెగులు సోకి చేలలోనే కుళ్ళిపోయింది. ఆ క్షామంలో ఆకలికీ జ్వరాలకూ సుమారు పదిలక్షలమంది మరణించారు. ఇంకొక పదిలక్షలమంది ఓడలెక్కి దేశం విడిచారు. అంతటి కరువులోనూ ఐర్లండు రేవులనుంచి ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. దత్తమండలాల కరువుల కథలు తాతల నోట విన్న తెలుగువారికి ఈ వింత కొత్తది కాదు. యువకుడైన రిచర్డ్ కిల్డేర్ జిల్లాలో సహాయకార్యక్రమాలలో పాల్గొని, పగలంతా గుర్రంమీద ఊరూరా తిరిగాడు. 1847లో, క్షామం ముమ్మరంగా ఉన్న కాలంలో, ఇరవైయైదేళ్ళ వయసున ఆ జిల్లానుంచే పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మరుసటి ఏడు ఇంగ్లండులోని విండమ్ వంశానికి చెందిన బ్లాంచ్‌ను వివాహమాడాడు. 1849లో తండ్రికి ఎర్ల్ బిరుదం సంక్రమించడంతో వారసుడైన ఇతడు నేస్ ప్రభువుగా వ్యవహరింపబడ్డాడు.

ఆనాటి పార్లమెంటులో గొప్ప వక్తలకు కొదవలేదు. నేస్ ప్రభువు వారిలో ఒకడు కాడు. ఆరడుగుల పైచిలుకు విగ్రహం, నవ్వుముఖం, పట్టిన పని విడవని పట్టుదల. ఇవి ఆయన ఆస్తి. ఐర్లండు వ్యవహారాల కార్యదర్శి పదవి 1852లో, 1858లో, మళ్ళీ 1866లో, కన్సర్వేటివ్ పక్షం అధికారానికి వచ్చిన ప్రతిసారీ ఆయననే వెదుక్కుంటూ వచ్చింది. మొదటిసారి ఆయన వయస్సు ముప్ఫై. ఆ ఉద్యోగం ముళ్ళకిరీటం వంటిది. లండనులో ఐర్లండు తరఫున మాట్లాడాలి. ఐర్లండులో లండను తరఫున శాసించాలి. 1867 మార్చిలో స్వాతంత్ర్యం కోరే ఫీనియన్ విప్లవకారులు తిరుగుబాటు లేవదీసినప్పుడు దాన్ని అణచిన యంత్రాంగానికి నాయకుడు ఈయనే. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి అప్పటికే ఉంది. దాన్ని ఆయన వినియోగించాడు. అదే సంవత్సరం, కౌలుదారు తన చెమటతో భూమిని బాగుచేసుకుంటే అందుకు పరిహారం ఇప్పించే బిల్లునూ ఆయనే ప్రవేశపెట్టాడు. కాథలిక్కులకు ఒక విశ్వవిద్యాలయం కావాలనీ ప్రతిపాదించాడు. బిల్లూ నెగ్గలేదు, ప్రతిపాదనా నెగ్గలేదు. నెగ్గింది నిర్బంధం ఒక్కటే. మనిషి స్వభావానికీ పదవి స్వభావానికీ పొంతన కుదరకపోవడం ఆయన జీవితంలో ఇది మొదటిసారి, చివరిసారి కాదు.

1867లో తండ్రి మరణించగా ఆరవ మేయో ప్రభువు అయ్యాడు. 1868లో ప్రధానమంత్రి డిజ్రేలీ ఆయనను హిందూదేశపు రాజప్రతినిధిగా నియమించాడు. ఇంగ్లండు పత్రికలు వెక్కిరించాయి. హిందూదేశంతో పరిచయం లేని ఐరిష్ జమీందారుకు అంతటి పదవి ఎందుకన్నాయి. ఆయన ఓడ ఎక్కిన కొద్ది దినాలకే డిజ్రేలీ ప్రభుత్వం పడిపోయింది. గ్లాడ్‌స్టన్ తలచుకొంటే నియామకాన్ని రద్దు చేయగలిగేవాడు, చేయలేదు. బయలుదేరే ముందు మేయో ప్రభువు తన ఊరికి సమీపాన జాన్స్‌టౌన్ గ్రామంలోని పాత చర్చి ఆవరణకు వెళ్ళి, చెట్లనీడన ఒక చోటు చూపించి, తాను ఎక్కడ పోయినా తెచ్చి ఇక్కడే పూడ్చవలసిందని తనవారిని కోరాడు. నలభైయారేళ్ళ దృఢకాయుడు కోరవలసిన కోరిక కాదది.

1869 జనవరి 12న కలకత్తాలో ఆయన పదవీస్వీకారం చేశాడు. ఖజానా చూస్తే లోటు. ఏటికేడు ఖర్చు ఆదాయాన్ని మించిపోతున్నది. మేయో ప్రభువు సంవత్సరం మధ్యలోనే లెక్కలు తిరగదోడించి, కొత్త నిర్మాణాలు ఆపించి, సైన్యపు ఖర్చు తగ్గించి, ఆదాయపు పన్ను పెంచాడు. మద్రాసు, బొంబాయి రాష్ట్రాలలో ఉప్పుపన్ను కూడా పెరిగింది. లోటు పోయి మిగులు వచ్చింది. కలకత్తాలో దొరలు మెచ్చుకున్న ఈ మిగులులో కోస్తా గ్రామాలలో ఉప్పురాయి కొనుక్కున్న కూలివాని కానీ కూడా చేరి ఉన్నదన్న మాట మరువరాదు.

ఆయన చేసిన పనులలో ఎక్కువకాలం నిలిచినది 1870 డిసెంబరు 14 నాటి తీర్మానం. అంతవరకు మద్రాసులో ఒక బడికి పైకప్పు వేయాలన్నా కలకత్తా అనుమతి కావలసివచ్చేది. ఖర్చు ఎంత ఎక్కువ అడిగితే అంత ఎక్కువ ముట్టేది గనుక పొదుపు చేసినవాడు నష్టపోయేవాడు. మేయో ప్రభువు పోలీసు, చెరసాలలు, విద్య, వైద్యం, రహదారులు మొదలైన శాఖలను రాష్ట్రాలకు అప్పగించి, వాటికి ఏటా ఇంత అని సొమ్ము కేటాయించి, మిగిల్చుకున్నది మీరే వాడుకోండి అన్నాడు. కేంద్రానికీ రాష్ట్రాలకూ ఆర్థిక పంపకం గురించి ఈ దేశంలో నేటికీ సాగుతున్న వాదనకు ఆద్యం ఈ తీర్మానంలోనే ఉంది.

జనాభా లెక్కల సంగతి కూడా చెప్పుకోవాలి. దేశవ్యాప్తంగా తొలి జనగణన 1872 నాటిదని పుస్తకాలలో చదువుతాము. ఒకే దినాన జరిగినది కాదు గాని, దానికి సన్నాహం ఆయన కాలంలోనే జరిగింది. మద్రాసు రాష్ట్రంలో 1871 నవంబరులోనే లెక్క తీశారు. అప్పుడు తేలిన జనసంఖ్య సుమారు 3 కోట్ల 12 లక్షలు. అందులో కోస్తా, రాయలసీమల తెలుగువారూ ఉన్నారు. ఒక్కొక్క జిల్లా వివరాలు సేకరించి గ్రంథస్థం చేసే పనిని విలియం హంటర్ అనే అధికారికి ఆయన అప్పగించాడు. తరువాతి కాలపు సుప్రసిద్ధ గెజెటీర్లు అందులోనుంచి పుట్టినవే. ఆ హంటరే తన ప్రభువు జీవితచరిత్రను రెండు సంపుటాలుగా రచించి 1875లో ప్రకటించాడు. మేయో ప్రభువు చివరి దినపు వివరాలు ఇంత స్పష్టంగా తెలియడానికి ఆ గ్రంథమే ప్రధానాధారం. చరిత్రలో గుర్తుండిపోవాలంటే మంచి పనులతోపాటు మంచి రచయితను నియమించుకోవడం కూడా అవసరం కాబోలు.

మీటరుగేజి రైలు మరొక కథ. అంతకుముందు వేసిన బ్రాడ్‌గేజి మార్గాలకు విపరీతంగా ఖర్చయింది. ప్రభుత్వమే చవకగా వేసుకోగల ఇరుకు మార్గం కావాలని ఇంజనీర్లు రెండు అడుగుల తొమ్మిది అంగుళాల వెడల్పు ప్రతిపాదించారు. పెట్టెలో జనం పక్కపక్కన సౌకర్యంగా కూర్చోవాలంటే అది చాలదని మేయో ప్రభువు మూడడుగుల మూడంగుళాలు కావాలన్నాడు. ఆ రోజులలోనే దేశంలో మెట్రిక్ కొలతలు ప్రవేశపెట్టాలన్న ఆలోచన సాగుతుండడంతో, ఇంకొక అంగుళంలో మూడు ఎనిమిదవ వంతులు చేర్చి, సరిగ్గా ఒక మీటరు చేశారు. మెట్రిక్ కొలతలు రావడానికి మరి ఎనభైయేళ్ళకు పైగా పట్టింది. రైలుమార్గం మాత్రం మీటరు వెడల్పునే నిలిచిపోయింది. గుంతకల్లునుంచి గుంటూరు మీదుగా బెజవాడకు, సికిందరాబాదునుంచి మన్మాడుకు చిన్న రైళ్ళలో ప్రయాణించిన తరాలవారు, ఆ పెట్టె వెడల్పును ఒక ఐరిష్ జమీందారు నిర్ణయించాడని ఎరుగరు. ఆ మార్గాలు గేజి మార్పిడి పొందింది నిన్నమొన్నటి కాలంలోనే.

1871లో వ్యవసాయానికి ప్రత్యేకశాఖ నెలకొల్పాడు. కిల్డేరులో స్వయంగా పశువులు పెంచి సేద్యం చేయించిన మనిషి గనుక ఈ పనిమీద ఆయనకు నిజమైన ఇష్టం. కాని మాంచెస్టరు మిల్లులకు నాణ్యమైన పత్తి కావాలన్న వర్తకుల ఒత్తిడి కూడా ఆ శాఖ పుట్టుకకు కారణం. 1870లో అజ్మీరు దర్బారులో రాజపుత్ర సంస్థానాధీశులను సమావేశపరచి, వారి బిడ్డలకోసం కళాశాల స్థాపించాలని సూచించాడు. విరాళాలు వచ్చాయి. 1875లో తలుపులు తెరచేనాటికి సూచించినవాడు లేడు. తొలి విద్యార్థి అల్వారు రాజు మంగళసింగు ఏనుగుమీద పరివారంతో తరలివచ్చాడని చెబుతారు.

1871 సెప్టెంబరు 20న కలకత్తా తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్ న్యాయస్థానపు మెట్లమీదనే హత్యకు గురి అయ్యాడు. 1872 జనవరి నడుమ పంజాబులో కూకాలనబడే నాంధారీ సిక్కులు కొందరు మలేరుకోట్లపై దాడిచేయగా, లూధియానా డిప్యూటీ కమిషనరు కొవన్, పట్టుబడినవారిని విచారణ అన్నమాట లేకుండా పదులసంఖ్యలో ఫిరంగులకు కట్టి పేల్చివేశాడు. ఆ వార్తలతో దేశం అట్టుడుకుతుండగా, జనవరి 24న రాజప్రతినిధి కలకత్తానుంచి గ్లాస్గో అనే యుద్ధనౌకలో బర్మా పర్యటనకు బయలుదేరాడు. కొవన్‌ను తరువాత ఉద్యోగంనుంచి తొలగించారు. పోయిన ప్రాణాలకు అది ఏపాటి బదులు?

రంగూను, మౌల్మీను చూసుకొని, ఫిబ్రవరి 8 ఉదయాన నౌక పోర్ట్ బ్లెయిరు చేరింది. ఆ నగరం పేరు 2024లో శ్రీవిజయపురంగా మారింది. 1857 తిరుగుబాటు ఖైదీల కోసం మరుసటి ఏట స్థాపించిన శిక్షాస్థావరం అది. నేడు యాత్రికులు చూసే సెల్యులర్ జైలు అప్పటికి లేదు. ఖైదీలు దీవులలో బారకులలో ఉంటూ అడవులు కొట్టేవారు. సత్ప్రవర్తన కలవారికి కొంత స్వేచ్ఛగా సంచరించే వెసులుబాటు ఉండేది. రంప పితూరీలో పట్టుబడిన మన్యం వీరులు కూడా కొన్నేళ్ళ తరువాత ఈ సముద్రమే దాటారు. ఖైదీల ఆరోగ్యం, క్రమశిక్షణ అధ్వాన్నంగా ఉన్నాయని విని, సంస్కరణకు నియమాలు వ్రాయించి, అవి ఎలా అమలవుతున్నాయో కళ్ళారా చూడాలని మేయో ప్రభువు వచ్చాడు.

రోజంతా గట్టి కాపలా. రాస్ దీవి, వైపర్ దీవి, చాతం దీవి చూశాడు. చుట్టూ తుపాకులు ధరించిన పోలీసులు. ఆ కట్టుదిట్టం ఆయనకు చికాకు కలిగించింది. సాయంకాలం అయిదు కావస్తుండగా పని ముగిసింది. అందరూ నౌకకు మరలుదామనుకుంటుండగా, ఎదుట కనిపించే హారియట్ కొండ ఎక్కుదామని ఆయనే పట్టుబట్టాడు. వెయ్యి అడుగులు దాటిన ఆ కొండమీద రోగులకు ఆరోగ్యకేంద్రం కట్టవచ్చునా అన్నది ఆలోచన. సూర్యాస్తమయం చూడాలన్నది కోరిక. కొండ అడుగున హోప్‌టౌన్ రేవు. పైకి చేరి, దీవుల నడుమ సముద్రంలో పొద్దుగూకడం తనివితీరా చూసి, అంతటి అందమైన దృశ్యం తాను ఎన్నడూ చూడలేదన్నాడు. ఆ కొండ పేరు 2021లో మణిపూరు కొండగా మార్చారు. 1891 ఆంగ్ల-మణిపూరు యుద్ధంలో పట్టుబడిన రాజవంశీయులను ఆ కొండ చెంతనే బంధించి ఉంచినందుకు జ్ఞాపకంగా.

దిగివచ్చేసరికి చీకటి పడింది. ముందు కాగడాలు, వెనుక అధికారులు. రేవు కట్టమీదకు రాగానే, స్థావరపు అధిపతి జనరల్ స్టూవర్టు మరునాటి ఏర్పాట్ల గురించి ఏదో ఆజ్ఞ ఇవ్వడానికి ఒక్క అడుగు పక్కకు తొలగాడు. మేయో ప్రభువు పడవవైపు వడివడిగా నడిచాడు. ఆ క్షణంలో రాళ్ళ చాటునుంచి ఒక మనిషి ఎగిరి ఆయన వీపుమీదకు లంఘించాడు. కాగడా వెలుగులో కత్తి రెండుసార్లు మెరిసింది. పోటుల ఊపుకు రాజప్రతినిధి కట్ట అంచున లోతులేని నీటిలో పడి, మోకాళ్ళమీద లేచి, తనను పొడిచారనీ పెద్ద గాయం కాదనీ తన కార్యదర్శి బర్న్‌తో అన్నాడు. కట్టమీద నిలిచి ఉన్న ఒక మోటుబండిమీద కూర్చోబెట్టి చేతిరుమాళ్ళతో రక్తం ఆపబోయారు. కొద్ది నిమిషాలలోనే వెనుకకు వాలిపోయాడు. నౌకమీద దీపాలన్నీ వెలిగించి, రాత్రి భోజనానికి అతిథులతో ఎదురుచూస్తున్న లేడీ మేయో దగ్గరకు పడవలో చేరింది ఆయన శవం. అప్పటికి ఆయనకు యాభై నిండలేదు. ఇంకా పదమూడు రోజులున్నాయి.

పొడిచినవాని పేరు షేర్ అలీ. పేరుకు ఒక వింత పొత్తు ఉంది. 1869లో అంబాలాలో మేయో ప్రభువు మహావైభవంగా సత్కరించిన ఆఫ్ఘన్ అమీరు పేరు కూడా షేర్ అలీయే. ఈ షేర్ అలీ తీరా లోయకు చెందిన ఆఫ్రిదీ పఠాను. పంజాబు ఆశ్వికదళ పోలీసులో పనిచేసి, పెషావరు కమిషనరుకు స్వయంగా బంట్రోతుగా మెలగినవాడు. వంశవైరంలో ఒక బంధువును పెషావరులో చంపాడన్న నేరానికి 1867లో ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతరవాసంగా మారింది. పఠానుల ధర్మంలో పగ తీర్చుకోవడం నేరం కాదు, విధి. ఏ సర్కారుకు ఊడిగం చేశాడో ఆ సర్కారే తనను దోషిని చేసి నల్లసముద్రం దాటించిందన్న కసి అతనిలో మిగిలిపోయింది. ఎవరైనా ఒక పెద్ద దొరను చంపాలని ఏళ్ళ క్రితమే నిశ్చయించుకున్నాడట. సత్ప్రవర్తనవల్ల హోప్‌టౌనులో మంగలిగా నియమితుడై కాలం గడుపుతున్నాడు. ఆనాడు ఉదయం రాజప్రతినిధి రాక సూచిస్తూ ఫిరంగులు మ్రోగగానే వంటకత్తికి పదును పెట్టాడు. పగలంతా దీవులకు దాటడానికి వీలు చిక్కలేదు. ఇక ఆశ వదులుకొంటున్న వేళ, తాను వెదకిపోలేని మనిషి తానున్న రేవుకే నడచివచ్చాడు.

ఎవరు పురిగొల్పారని అధికారులు తరచి తరచి అడిగారు. దైవాజ్ఞ అనీ, దైవమే తనకు తోడనీ తప్ప మరొక మాట అతడు చెప్పలేదు. నార్మన్ హత్యతో సంబంధం ఉందేమోనన్న శంక చాలామందికి కలిగింది, ఆధారం దొరకలేదు. 1872 మార్చి 11న వైపర్ దీవిలో అతణ్ణి ఉరితీశారు. ఐర్లండులో ఫీనియన్ల తుపాకులకు చిక్కని మనిషి, ఏ పక్షానికీ చెందని ఒంటరి ఖైదీ చేతిలో అంతమయ్యాడు. ఆయన మూడుమార్లు నిర్వహించిన ఐర్లండు కార్యదర్శి పదవిలో 1882లో అడుగుపెట్టిన కేవెండిష్ ప్రభువును డబ్లినులోని ఫీనిక్స్ ఉద్యానంలో విప్లవకారులు కత్తులతోనే చంపారు. మనిషి మంచివాడా కాదా అని ఆ కత్తులు విచారించలేదు. షేర్ అలీ కత్తి కూడా అంతే.

భౌతికకాయాన్ని ఫిబ్రవరి 17న కలకత్తాకు చేర్చారు. తాత్కాలికంగా రాజప్రతినిధి బాధ్యత వహించడానికి మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు తరలివచ్చాడు. ఏప్రిలులో శవపేటిక ఐర్లండు చేరింది. జాన్స్‌టౌనులో, నాలుగేళ్ళ క్రితం ఆయన చూపిన చోటనే ఖననం చేశారు. అంత దూరపు సముద్రయానంలో చెడిపోకుండా శవాన్ని సారాలో ఉంచి తెచ్చారన్న కథ కిల్డేరు జనంలో పుట్టి, ఆయనకు ఊరగాయ ప్రభువన్న ముద్దుపేరు మిగిల్చింది. ఆ పేరులో ఎగతాళి ఎంతో, ఆప్యాయత ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

తమ్ముని కథ ఇంత భయంకరమైనది కాదు. రాబర్ట్ బర్క్ అన్నకంటే అయిదేళ్ళు చిన్న. న్యాయవాది, కింగ్స్‌లిన్ నుంచి పార్లమెంటు సభ్యుడు, డిజ్రేలీ ప్రభుత్వంలో విదేశాంగశాఖ ఉపమంత్రి. ఆయన భార్య సూసన్, డల్‌హౌసీ ప్రభువు కుమార్తె. అంటే ఒక గవర్నరు జనరలుకు అల్లుడు, ఒక రాజప్రతినిధికి తమ్ముడు. 1886 డిసెంబరులో మద్రాసు గవర్నరయ్యాడు. మరుసటి ఏడు కన్నెమరా ప్రభువన్న బిరుదం వచ్చింది. రాష్ట్రం నాలుగు చెరగులా పర్యటించడం ఆయనకు ఇష్టం. ఆ యాత్రలను ఆయన కార్యదర్శి రీస్ ఒక పెద్ద గ్రంథంగా వ్రాశాడు. 1889లో గంజాం జిల్లాను కరువు పట్టింది. యౌవనంలో ఐర్లండు క్షామం చూసిన ఆ గవర్నరు పాలనలోనే తెలుగువారూ ఒరియావారూ కలిసి బ్రతికే ఆ జిల్లా గంజికేంద్రాల ముందు నిలిచింది.

1890 మార్చి 22న గ్రంథాలయానికి శంకుస్థాపన చేశాడు. ఆ సంవత్సరం చివరనే లేడీ కన్నెమరా భర్తపై వ్యభిచారారోపణ చేసి లండను న్యాయస్థానంలో విడాకులు పొందింది. విక్టోరియా రాణి కాలంలో, అంతటి ఇంటి ఆడపడుచు, అంతటి పదవిలోని భర్తను కోర్టుకు ఈడ్చడం సామాన్య విషయం కాదు. ఆమె తెగువను ఆనాటి మద్రాసు విందులలో ఎంతగా గుసగుసలాడుకున్నారో ఊహించవచ్చు. గవర్నరు గడువు తీరకుండానే డిసెంబరు 1న పదవి విడిచాడు. గ్రంథాలయం తలుపులు తెరచుకున్నది 1896 డిసెంబరు 5న. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రచురితమయ్యే ప్రతి పుస్తకపు ప్రతిని అందుకొనే నాలుగు గ్రంథాలయాలలో అది ఒకటి. శంకుస్థాపకుని అపకీర్తి ఏనాడో మరుగునపడింది. తెలుగు పుస్తకాలు మాత్రం ఏటేటా అక్కడికి చేరుతున్నాయి.

ఇక కిల్డేరులోని ఇల్లు. మేయో ప్రభువు హత్య విని చలించినవారు చందాలు వేసుకొని, ఆయన స్మారకంగా పామర్స్‌టౌనులో ఆ కుటుంబానికి ఒక భవనం కట్టించి ఇచ్చారు. జ్యేష్ఠపుత్రుడు డెర్మట్ ఏడవ ప్రభువుగా అందులో కాపురమున్నాడు. తండ్రి చనిపోయేనాటికి ఆయనకు ఇరవైయేళ్ళు. తండ్రి తేలేకపోయిన భూసంస్కరణకు కుమారుడు చేయివేశాడు. 1902లో జమీందారుల ప్రతినిధులూ కౌలుదారుల ప్రతినిధులూ ఒక బల్లచుట్టూ కూర్చున్నప్పుడు జమీందారుల పక్షాన నలుగురిలో ఆయన ఒకడు. ఆ ఒప్పందం ఆధారంగా 1903లో వచ్చిన చట్టంవల్ల లక్షలాది కౌలుదారులు తాము దున్నే భూమిని కొనుక్కోగలిగారు. చట్టం తెచ్చిన మంత్రి జార్జి విండమ్ లేడీ మేయోకు మేనల్లుడు. ఇంటి చుట్టరికాలు కొన్నిసార్లు దేశానికీ పనికివస్తాయి.

1922లో ఐర్లండుకు స్వపరిపాలన లభించింది. కొత్త రాజ్యపు సెనేటులో డెర్మట్ సభ్యత్వం స్వీకరించాడు. ఇంగ్లండుతో కుదిరిన ఒడంబడికను అంగీకరించని విప్లవకారులు ఆ సెనేటర్ల ఇళ్ళను తగలబెట్టడం ఆరంభించారు. 1923 జనవరి 29 రాత్రి పామర్స్‌టౌను వంతు వచ్చింది. అండమానులో కూలినవాని పేర కట్టిన గోడలు, ఆయన అణచాలని చూసిన పోరాటపు చివరి మంటలలో కాలిపోయాయి. అలాగే ఇళ్ళు పోగొట్టుకొన్న ప్రభువులు ఎందరో ఇంగ్లండుకు తరలిపోయారు. డెర్మట్‌కు అప్పటికి డెబ్బైయొక్కేళ్ళు, సంతానం లేదు. ఆయన దేశం విడవనన్నాడు. మసిబారిన గోడలమధ్య తిరిగి పైకప్పు వేయించి, 1927 డిసెంబరులో కన్నుమూసేవరకు అక్కడే ఉన్నాడు.